సోలార్ ప్యానెళ్లు ఎక్కడ మేలు: నేల మీదా, నీళ్ల మీదా, ఇంటి మీదా?

సోలార్ మంచిదా కాదా అనే ప్రశ్న పాతబడింది. ఎక్కడ పెడితే పర్యావరణానికి తక్కువ నష్టం అని ఇప్పుడు చాలామంది అడుగుతున్నారు. నా మటుకు తేల్చేది ఒక్కటే: ప్యానెల్ రాకముందు ఆ చోట ఏముండేది?

కర్నూలు దగ్గర గని, శకునాల ప్రాంతంలో 1,000 మెగావాట్ల పార్కు 2017లో పూర్తయింది. దానికి పట్టిన నేల దాదాపు 5,900 ఎకరాలు, అంటే మెగావాట్‌కు ఆరెకరాలు. ఇలాంటి పార్కుల మాటెత్తితే "బీడు భూమే కదా" అనేస్తారు. రికార్డుల్లో బీడు అని రాసినంత మాత్రాన అది ఖాళీ నేల అయిపోదు. నాలుగు చినుకులు పడితే గడ్డి లేస్తుంది, గొర్రెలు మేస్తాయి. బట్టమేక పిట్ట బతికేది కూడా గడ్డి నేలల్లోనే. దానికోసం పెట్టిన రోళ్లపాడు అభయారణ్యం ఉమ్మడి కర్నూలు జిల్లాలోదే. ఆ పిట్టకు ఎదురుగా ఉన్న తీగ సరిగా కనబడదు. రాజస్థాన్, గుజరాత్‌లలో కరెంటు తీగలకు తగిలి చనిపోతుంటే వ్యవహారం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది.

మన అనంతపురం వైపు సరిహద్దులో, కర్ణాటకలో ఉన్న పావగడ సోలార్ పార్కు కొంత నయం. అక్కడ భూమి కొనలేదు, ఎకరాకు ఏడాదికి 21,000 రూపాయలతో మొదలుపెట్టి కౌలుకు తీసుకున్నారు. పట్టా ఉన్న రైతుకు బాగానే ఉంది. ఆ పొలాల్లో కూలికి వెళ్లినవాళ్లకు మాత్రం ఉన్న పని పోయింది, కౌలు ఎలాగూ రాదు.

రామగుండంలో 2022లో పూర్తయిన 100 మెగావాట్ల ప్లాంటు ఎన్టీపీసీ సొంత రిజర్వాయర్‌లో 500 ఎకరాల మేర తేలుతోంది. ఎవరి మేతా పోలేదు. పైగా ఏడాదికి సుమారు 32.5 లక్షల ఘనపు మీటర్ల నీరు ఆవిరి కాకుండా మిగులుతుందని ప్రభుత్వ అంచనా. అలాగని ఊరి చెరువును కప్పేస్తామంటే నేను ఒప్పుకోను. అక్కడ చేపల మీద బతికేవాళ్లుంటారు.

కాలువల మీదా పెట్టొచ్చు. గుజరాత్ 2012లోనే చేసి చూపించింది. ఇనుము ఖర్చెక్కువ, అంతే.

నా ఓటు ఇంటి కప్పుకే. మూడు కిలోవాట్లకు ఇంచుమించు 300 చదరపు అడుగులు చాలు. ఎండకు కాలే స్లాబు తప్ప అక్కడ పోయేదేమీ లేదు. నీళ్ల ట్యాంకు నీడ పడకుండా చూసుకుంటే సరి. కాకపోతే 100 మెగావాట్లు కావాలంటే 33 వేల ఇళ్లు ఎక్కాలి. ఫ్యాక్టరీలకూ మెట్రోకూ ఇదొక్కటే సరిపోదని ఒప్పుకోవాల్సిందే.

ఇంటి సోలార్‌కు అసలు చిక్కు పాతికేళ్ల తర్వాత వస్తుంది. పార్కులో పాడైన ప్యానెళ్లన్నీ ఒక్కచోటే దొరుకుతాయి. ఇళ్ల మీదవి ఒక్కొక్కటిగా పాత సామాన్ల బండి ఎక్కేస్తాయి. 2022 నాటి ఈ-వేస్ట్ నిబంధనలు ప్యానెళ్ల బాధ్యతను తయారీదారుల మీద పెట్టాయి. అందుకే బిగించిన రోజే బిల్లుతో పాటు ప్యానెల్ వెనకున్న సీరియల్ నంబర్ల ఫొటోలు కూడా దాచుకోండి.