బుకారెస్ట్ మ్యూజియంలో డేసియన్ కవచాలు: ఏది చూడాలి, దేన్ని చూసి పొరబడకూడదు

నేటి రుమేనియా ప్రాంతంలో పూర్వం ఉండి రోమన్లతో పోరాడిన డేసియన్ల కవచాలు చూద్దామని బుకారెస్ట్‌లోని రుమేనియా జాతీయ చరిత్ర మ్యూజియంకి వెళ్లేవాళ్లు ముందుగా ఒక సంగతి తెలుసుకోవాలి. డేసియన్ రాజు డెసెబలస్ సైనికుడు తల నుంచి కాలి దాకా తొడుక్కున్న పూర్తి కవచం అక్కడ లేదు, ఇంకెక్కడా దొరకలేదు. ఉన్నవల్లా ముక్కలే. వాటిని జోడించి చదవడం తెలిస్తే మాత్రం బుకారెస్ట్‌లో దీన్ని మించిన చోటు లేదు.

మ్యూజియం కాలియా విక్టోరియే వీధిలో, పాత తపాలా భవనంలో ఉంది. చూడాల్సినవి రెండు: బంగారు నిధి గది, ట్రాజన్ స్తంభపు (డేసియన్లపై గెలుపుకి గుర్తుగా రోమన్ చక్రవర్తి ట్రాజన్ రోమ్‌లో నిలిపిన శిల్పాల స్తంభం) ప్లాస్టర్ అచ్చులున్న హాలు. భవనంలో మరమ్మతులు ఏళ్ల తరబడి సాగుతున్నాయి కాబట్టి ఆ రోజు ఏ గదులు తెరిచారో కనుక్కుని బయల్దేరండి.

అందరూ ముందు నిధి గదికి పరుగెత్తుతారు. అక్కడి పేరున్న వస్తువు కొత్సొఫెనెష్టి బంగారు శిరస్త్రాణం. సుమారు 770 గ్రాముల బరువు, నుదుటి మీద గుడ్లురిమి చూసే రెండు పెద్ద కళ్లు, చెంపల రేకుల మీద పొట్టేలుని బలిచ్చే దృశ్యం. నడినెత్తి భాగం మాత్రం లేదు. పనితనం అద్భుతమే, కానీ ఇది క్రీ.పూ. 4వ శతాబ్దం నాటి గేటీ (డేసియన్లకు దగ్గరి జాతి) దొరల సొత్తు. ట్రాజన్‌తో డేసియన్ల యుద్ధాలు క్రీ.శ. 101-102లో, 105-106లో జరిగాయి. మధ్యలో దాదాపు అయిదు వందల ఏళ్లు! పైగా అంత మెత్తటి బంగారం కత్తి దెబ్బకు ఆగదు, అది ఊరేగింపు సరుకు. అజిఘియోల్ సమాధిలో దొరికిన వెండి శిరస్త్రాణం, వెండి పిక్కల తొడుగులు కూడా ఆ కాలానివే. బంగారు శిరస్త్రాణం 2025 జనవరిలో నెదర్లాండ్స్‌లోని ఆసెన్‌లో ప్రదర్శనకు వెళ్లి చోరీకి గురైంది. అందుకే గాజు పెట్టెలో ఉన్నది అసలుదా నకలా అన్నది లేబుల్ చూసి తేల్చుకోండి.

రెండో పొరపాటు చూమెష్ట్ శిరస్త్రాణంతో వస్తుంది. ఇనుప టోపీ, దాని మీద రెక్కలు చాచిన కంచు పక్షి. రెక్కలు కీళ్ల మీద ఆడేలా అమర్చారు, అంటే గుర్రం పరుగెడుతుంటే పైన పక్షి రెక్కలు కొట్టుకునేదన్నమాట. 1961లో బయటపడిన ఈ టోపీ కూడా ఈ మ్యూజియందే. ఫొటోల కింద 'డేసియన్' అని రాసేస్తుంటారు గానీ ఇది కెల్టులనే మరో జాతి సమాధిలోది.

మరి డేసియన్లది ఏది? కూజీర్, పొపెష్ట్ అనే చోట్ల సమాధి దిబ్బల్లో దొరికిన ఇనుప గొలుసు కవచాల ముక్కలు. అక్కడ యోధుణ్ణి ఆయుధాలతో సహా చితి మీద కాల్చారు. చితి వేడికి, ఆ తర్వాత తుప్పుకి ఉంగరాలు ఒకదానికొకటి అతుక్కుని గడ్డ కట్టాయి. అలాంటి గడ్డని పైపైన చూస్తే ఇనుప చిట్టెంలా ఉంటుంది. అంచు దగ్గర వంగి చూస్తేనే చిన్న చిన్న ఉంగరాల వరస కనబడుతుంది. ఆ దిబ్బల తర్వాతి కాలపు డేసియన్ సమాధులే అరుదు కావడం, కోటల్లో మిగిలినదాన్ని రోమన్లు ఊడ్చుకుపోవడం, ఈ రోజుల్లో మెటల్ డిటెక్టర్లతో దొంగ తవ్వకాలు... డేసియన్ కవచాల కొరతకి కారణాలు ఇవే.

అందువల్ల అసలు సమయం ఇవ్వాల్సింది ప్లాస్టర్ హాలుకే. రోమ్‌లో స్తంభం కింద నిలబడితే మెడ నొప్పి తప్ప పైవరసల్లో ఏమీ కనిపించదు. ఇక్కడ ఆ బొమ్మలు కంటి ఎత్తులో ఉన్నాయి. అచ్చులు 1939-43 మధ్య రోమ్‌లో తీసినవి, రుమేనియాకు చేరింది 1967లో. స్తంభం చుట్టూ మెలికలు తిరిగే శిల్పాల వరసలో (సర్పిలంలో) డేసియన్ సైనికులు చాలావరకు పొడుగు చేతుల చొక్కా, దుప్పటి, కోలడాలుతోనే కనిపిస్తారు, ఒంటి మీద కవచం ఉండదు. కవచాలన్నీ స్తంభపు పీఠం మీద చెక్కిన ఆయుధాల కుప్పలో ఉన్నాయి: పొలుసుల చొక్కాలు, కోసు శిరస్త్రాణాలు, తోడేలు తల పతాకాలు. పీఠాన్ని వదిలేసి సర్పిలం వెంట పడితే సగం సాక్ష్యం పోయినట్టే. ఒక జాగ్రత్త: కుప్పలో డేసియన్ల మిత్రులైన సర్మేషియన్ల (గుర్రపు స్వారీ జాతి) సామగ్రి కూడా కలిసి ఉండవచ్చు. వాళ్ల రౌతుల్ని శిల్పి గుర్రపు కాళ్లతో సహా పొలుసుల్లో చుట్టేశాడు. అలా తొడిగితే గుర్రం అడుగు తీసి అడుగు వేయలేదు, కాబట్టి శిల్పంలోని కొలతల్ని నమ్మి కవచం నమూనా తయారు చేయబోకండి.

ఇంకో రోజు చేతిలో ఉంటే కాన్‌స్టాంట్సా జిల్లాలోని ఆదాంక్లిసీకి వెళ్లండి. అక్కడ ట్రాజన్ విజయ స్మారకం ఉంది. పొలంలో నిలబెట్టిన కట్టడం 1977 నాటి పునర్నిర్మాణం, అసలు రాతి పలకలు ఊళ్లోని మ్యూజియంలో ఉన్నాయి. చెక్కడం మోటు, సమాచారం మాత్రం చిక్కన. ఫాల్క్స్ అనే వంకీ కత్తిని డేసియన్ల పక్షం వాళ్లు రెండు చేతులా ఎత్తి కొట్టడం ఇక్కడ స్పష్టంగా ఉంది. కొడవలిలాగే దాని పదును లోపలి వంపులో ఉంటుంది, కాబట్టి దెబ్బ డాలు అంచు దాటి తలకో చేతికో తగులుతుంది. రోమన్ సైనికుల కుడి చేతుల్ని చూడండి: భుజం నుంచి మణికట్టు దాకా పట్టీల తొడుగు. రుమేనియాలోని బెర్జోవియాలో దొరికిన రోమన్ శిరస్త్రాణం నెత్తి మీద అడ్డంగా, నిలువుగా ఇనుప పట్టీలు బిగించి ఉండటానికి కూడా ఈ కత్తే కారణమని చెబుతారు.