టైమ్ ట్రయల్ సైకిలుకు ఎలక్ట్రానిక్ గేర్లు: షిమానో అల్టెగ్రా డీఐ2ను ఇంట్లోనే బిగించుకున్నాక

వరికోతలు మొదలయ్యాయంటే నల్లగొండ నుంచి మిర్యాలగూడ వైపు పోయే రోడ్డు అంచున వడ్లు ఆరబోసి ఉంటాయి, వాటి చుట్టూ వాహనాలు ఎక్కకుండా రాళ్లు పేర్చి ఉంటాయి, ఆ రాళ్లను తప్పుకొనేలోపు రైస్‌మిల్లుకు పోయే లారీ ఎదురవుతుంది. టైమ్ ట్రయల్ (ఒక్కొక్కరే గడియారంతో పోటీపడి తొక్కే పందెం) సైకిలు మీద మోచేతులను మెత్తలకు ఆనించి, ముందుకు చాచిన రెండు కడ్డీలను పట్టుకొని తొక్కేవాడు అలాంటి చోట పైకి లేచి, బ్రేకులున్న హ్యాండిలును అందుకోక తప్పదు. పాత పద్ధతిలో గేరు మీటలు ఆ కడ్డీల చివరే ఉంటాయి కనుక, చేయి బ్రేకు మీద ఉన్నంతసేపూ గేరు మార్చే వీలుండదు. వేగం పడిపోయాక బరువు గేరులోనే మళ్లీ మొదటి నుంచి తొక్కాలి. షిమానో కంపెనీ తెచ్చిన డీఐ2 అనే ఏర్పాటులో కేబులుకు బదులు బ్యాటరీతో నడిచే మోటార్లు గేర్లు మారుస్తాయి, అందులో కడ్డీల చివరా, బ్రేకు పిడుల దగ్గరా రెండు చోట్లా మీటలు పెట్టుకోవచ్చు. నేను డబ్బు పెట్టింది ప్రధానంగా ఈ సౌకర్యానికే. మామూలు రోడ్డు సైకిలుకైతే ఇంత ఖర్చు చేయమని ఎవరికీ చెప్పను.

కేబులుతో ఇంకో చిక్కు కూడా ఉంది. కడ్డీ చివర బయలుదేరిన కేబులు హ్యాండిలులో ఒకసారి, ఫ్రేములోకి దూరేచోట మరోసారి, పెడళ్ల ఇరుసు కింద ఇంకోసారి వంపు తిరిగి, గొలుసును ఒక పళ్లచక్రం మీంచి మరోదాని మీదికి జరిపే వెనక డిరేలరును చేరుతుంది. ప్రతి వంపూ ఒక రాపిడే. దానికి చెమట, దుమ్ము తోడైతే మీట బిగుసుకుంటుంది. డీఐ2లో తీగ మోసేది విద్యుత్తునూ సంకేతాన్నీ మాత్రమే కాబట్టి ఎన్ని వంపులున్నా తేడా రాదు.

2021లో 12 గేర్ల అల్టెగ్రా వచ్చినా, నా చక్రాలూ, వెనక పళ్లచక్రాల గుత్తి అయిన క్యాసెట్టూ 11 గేర్లవి కావడంతో 2017 నాటి ఆర్8050 శ్రేణినే విడిభాగాలుగా సమకూర్చుకున్నాను. ఇక్కడ కొనేవారు బ్యాటరీ మీది నంబరును తప్పక చూసుకోవాలి. కడ్డీల చివర పెట్టే ఎస్‌డబ్ల్యూ-ఆర్9160 మీటలకు ఒక్కోదానికి ఒకే బటన్ ఉంటుంది. కుడిది ఒకవైపుకు, ఎడమది రెండోవైపుకు గేరు మారిస్తే, ముందు డిరేలరు ఎప్పుడు కదలాలో సింక్రో షిఫ్ట్ అనే ఏర్పాటు తానే చూసుకుంటుంది. ఈ ఏర్పాటు బీటీ-డీఎన్110 బ్యాటరీతో నడుస్తుంది కానీ, దాని ముందుతరం ఎస్‌ఎమ్-బీటీఆర్2తో నడవదు. చూడ్డానికి రెండూ ఒకే తీరు గొట్టాలు. నాకు అమ్మినవారు పాతదే పంపితే, తిరగ్గొట్టి కొత్తది తెప్పించుకునేసరికి మూడు వారాలు గడిచాయి.

తీగలు నిర్ణీత పొడవుల్లోనే దొరుకుతాయి. కత్తిరించి అతికించుకునేవి కావు. అందుకని ఆర్డరు పెట్టకముందే ఫ్రేము పక్కన పురికొస పట్టి, అది తిరిగే దారంతా కొలిచి, ఒక మెట్టు పెద్ద పొడవే ఎంచుకున్నాను. అసలు పని మొదలయ్యేది ఆ తర్వాతే. పెడళ్ల ఇరుసును విప్పాలి (దీన్ని తిరిగి బిగించేటప్పుడు ఎడమ పక్క రెండు బోల్టులకు 12 నుంచి 14 న్యూటన్ మీటర్ల టార్క్ పెట్టాలి), ఆ ఖాళీలో నాలుగు రంధ్రాల జంక్షన్ పెట్టె కూర్చుంటుంది, బ్యాటరీ నుంచీ రెండు డిరేలర్ల నుంచీ ముందు హ్యాండిలు నుంచీ వచ్చే తీగలన్నీ అక్కడే కలుస్తాయి. పైజామాకు నాడా ఎక్కించడం వచ్చినవారికి ఈ పని సగం వచ్చినట్టే: పాత కేబులును ముందే లాగేయకుండా, దాని చివరకు కొత్త తీగను టేపుతో చుట్టి, ఒకవైపు నెడుతూ మరోవైపు మెల్లగా లాగాలి. వెనక డిరేలరు తీగ విషయంలో నేను తొందరపడి పాత కేబులును ముందే తీసేశాను. దాంతో దారం ముక్కను ఒక రంధ్రంలో పెట్టి, రెండో రంధ్రం దగ్గర వాక్యూమ్ క్లీనరుతో పీల్పించి, ఆ దారంతో తీగను లాగేసరికి ఒక ఆదివారం మధ్యాహ్నం పూర్తయింది. గతుకుల రోడ్డు మీద తీగ లోపల కొట్టుకొని టకటకమనకుండా అక్కడక్కడా దానికి పొడవాటి ప్లాస్టిక్ ట్యాగులు చుట్టాను. ఇది చేయకపోతే మాత్రం చాలా చికాకు.

బ్యాటరీ పెట్టేచోట కూడా ఆగి ఆలోచించాలి. దాన్ని సీటు గొట్టంలో దాచడానికి వచ్చే బిగింపులు గుండ్రటి గొట్టాలకు సరిపోతాయి, టైమ్ ట్రయల్ సైకిలు సీటు గొట్టమేమో గాలిని చీల్చే చేప ఆకారంలో ఉంటుంది. నేను నురుగు ముక్కలు కోసి చుట్టూ కూరాను. ఫ్రేము తయారీదారు రబ్బరు బిగింపు ఇస్తే అదే మేలు.

మిగిలినవి బిగించడం తేలిక. ముందు డిరేలరు మోటారుకు బలం ఎక్కువ కాబట్టి, అది వంగకుండా ఫ్రేముకు ఆనించే చిన్న ఊత బోల్టును మరవకూడదు. అన్నీ కలిపాక బటన్ నొక్కితే ఉలుకూ పలుకూ లేదు. కారణం చిన్నదే: ఒక ప్లగ్ పూర్తిగా దిగలేదు. టీఎల్-ఈడబ్ల్యూ02 అనే చిన్న ప్లాస్టిక్ పరికరంతో టక్కుమనే దాకా నెట్టాలి, వేలితో నెడితే దిగినట్టే కనిపిస్తుంది కానీ దిగదు. మా వీధి చివర సైకిళ్లు బాగుచేసే అతను వచ్చి, మోటారు చప్పుడు విని, "సారూ, కేబులే లేకుంటే గేరెట్ల పడ్తది?" అని వంగి చాలాసేపు చూశాడు.

గేరు సర్దుబాటు నిజంగా ముచ్చటైన పని. హ్యాండిలు వైపున్న రెండో జంక్షన్ మీది బటన్‌ను ఎర్రదీపం వెలిగేదాకా నొక్కిపెట్టి, ఆ తర్వాత మీట నొక్కుతూ పోతే డిరేలరు వెంట్రుకవాసి జరుగుతుంది. గొలుసు పక్క చక్రానికి రాసుకున్న చప్పుడు వినగానే, కరదీపికలో చెప్పినన్ని మెట్లు వెనక్కి తేవాలి. స్క్రూడ్రైవరు తిప్పుతూ లెక్క మరిచిపోయే బాధ లేదు. సింక్రో షిఫ్ట్ ఏ పళ్లచక్రం దగ్గర ముందు డిరేలరును కదపాలో మార్చుకోవడానికి మాత్రం ఈ-ట్యూబ్ ప్రాజెక్ట్ అనే సాఫ్ట్‌వేరు కావాలి. వైర్‌లెస్ యూనిట్ లేకపోతే ఛార్జరును విండోస్ కంప్యూటరుకు కలిపే చేయాలి, ఫోను పనికిరాదు. ఇది నాకు నచ్చలేదు.

ఛార్జి తగ్గినప్పుడు ముందు డిరేలరు మొదట ఆగిపోతుంది, ఆ తర్వాతే వెనకది. కాబట్టి ఇంటికి చేరడానికి తగినంత హెచ్చరిక దొరుకుతుంది. స్రామ్ అనే మరో కంపెనీ ఎలక్ట్రానిక్ గేర్లయిన ఈట్యాప్‌లో డిరేలర్లకు తీగలే ఉండవు కనుక బిగించడం ఇంతకంటే చాలా తేలిక. పాత భాగాలేవీ లేకుండా కొత్తగా మొదలుపెట్టేవారు దాన్నే ముందు చూడాలి. నేను మాత్రం వాడని రంధ్రాలన్నిటినీ డమ్మీ ప్లగ్గులతో మూసి, వెనక డిరేలరు తీగ ఒకటి అదనంగా తెప్పించి బీరువాలో పెట్టాను, ఎందుకంటే అది మన ఊళ్లో ఏ సైకిలు దుకాణంలోనూ దొరకదు.