గోవా క్యాసినో ప్యాకేజీకి డబ్బు కట్టే ముందు ఆ "డిపాజిట్" సంగతి తేల్చుకోండి

గుంటూరు, విజయవాడ వాళ్లు దయచేసి ఇది చదవండి, ముఖ్యంగా సంక్రాంతి సెలవులకి గోవా వెళ్దామని అనుకుంటున్నవాళ్లు. బ్రాడీపేటలో ఒక టూర్ ఏజెంటు దగ్గర నేనూ మా బావమరిదీ డబ్బు కట్టి బాగా దెబ్బతిన్నాం.

మూడు రోజులు హోటల్, తిండి, పడవ మీద క్యాసినో ఎంట్రీ అన్నీ ఫ్రీ, మనిషికి లక్ష డిపాజిట్ పెడితే చాలన్నాడు. "ఆడకపోతే మీ లక్ష మీకు తిరిగొచ్చేస్తుందండీ" అని మా ఆవిడ ముందే చెప్పాడు. ఆ ఒక్క మాట నమ్మే కట్టాను. అమరావతి ఎక్స్‌ప్రెస్ టికెట్లు మాత్రం మేమే తీసుకున్నాం.

పణజిలో మాండవి నది మీద ఉంటాయి ఆ పడవలు, జెట్టీ దగ్గర చిన్న బోటు ఎక్కించి తీసుకెళ్తారు. తీరా కౌంటర్ దగ్గర మా లక్షకి ఇచ్చినవి డబ్బుగా మార్చుకోవడానికి కుదరని చిప్స్, అంటే ఆటలో డబ్బు బదులు పెట్టే బిళ్లలు. వాటిని టేబుల్ మీద పెట్టి ఆడాల్సిందే, గెలిస్తే వచ్చే చిప్స్‌కే డబ్బిస్తారు. అంటే డిపాజిట్ అన్నది అసలు లేనే లేదు, గుంటూరులో కట్టిన రోజే మేము జూదానికి కట్టేశాం. నేను ఆడనని కూర్చుంటే ఏజెంటు మనిషి వచ్చి, అయితే గది, భోజనం బిల్లులు మీరే కట్టుకోవాలి అన్నాడు. టెన్షన్‌తో నేనూ ఆడాను. చివరికి నా చేతికొచ్చింది 31 వేలు, బావమరిదికి అదీ లేదు. పిల్ల కాలేజీ ఫీజుకి దాచిన డబ్బు అది.

ఊరికొచ్చాక మా ఆడిటర్ గారు ఇంకో సంగతి చెప్పారు. చిప్స్ కొన్న మొత్తం విలువ మీద 2023 అక్టోబరు నుంచి 28 శాతం, 2025 సెప్టెంబరు 22 నుంచి 40 శాతం జీఎస్టీ ఉంది, ఆడని చిప్స్ వెనక్కిచ్చినా ఆ పన్ను లెక్క తగ్గదట. కాబట్టి "మొత్తం వాపస్" అని ఎవరన్నా చెబితే పన్ను ఎవరు కడతారో అడగండి.

గోవా స్థానికులకైతే 2020 ఫిబ్రవరి నుంచి ఆ క్యాసినోల్లో ఆడటానికి అనుమతే లేదు. మన దగ్గర 1974 గేమింగ్ చట్టం వల్ల జూదశాల పెట్టడానికి లేదు. అందుకే మన ఊళ్లలో ఏజెంట్లు మనుషుల్ని పోగుచేసి అక్కడికి తీసుకెళ్తున్నారు.

నాకిచ్చిన రసీదులో డిపాజిట్ అనే మాటే లేదు, "టూర్ చార్జీలు" అని మాత్రమే ఉంది. అప్పుడే చూసుకోవాల్సింది. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు ఇచ్చాను, ఇంకా జవాబు రాలేదు. అదే ఏజెంటు ఇప్పుడు పండగ బ్యాచ్‌కి అడ్వాన్సు పదేసి వేలు తీసుకుంటున్నాడు. మీరు కట్టి ఉంటే మిగతాది కట్టే ముందే వెళ్లి, ఆడని చిప్స్‌కి ఎంత డబ్బు తిరిగిస్తారో కాగితం మీద రాయించుకోండి. రాయనంటే అడ్వాన్సు అడిగి తెచ్చేసుకోండి.