వరంగల్‌లో దిగాలా, కాజీపేటలోనా?

వరంగల్, హనుమకొండ, కాజీపేట పేరుకే మూడూళ్లు, అంతా కలిసిపోయింది. స్టేషన్లు మాత్రం రెండు, మధ్య దూరం సుమారు 10 కిలోమీటర్లు. ఎక్కడ దిగాలో టికెట్ తీసేటప్పుడే తేల్చుకోండి. భాగ్యనగర్, తెలంగాణ ఎక్స్‌ప్రెస్‌లు కాజీపేటలోనే బల్లార్షా లైనుకు మళ్లుతాయి, వరంగల్‌కు రావు. శాతవాహన రెండు చోట్లా ఆగుతుంది. వేయిస్తంభాల గుడికి ఎక్కడ దిగినా పెద్ద తేడా లేదు. కోటకైతే వరంగలే నయం. కాజీపేటలో దిగితే ఊరంతా దాటాలి, ఆటో కిరాయి కూడా ఆ లెక్కనే ఉంటుంది.

అమృత్ భారత్ పథకంలో బాగుచేసిన వరంగల్ స్టేషన్‌ను 2025 మే 22న బేగంపేట, కరీంనగర్ స్టేషన్లతో పాటు ప్రారంభించారు. ముఖభాగానికి కాకతీయ పోలికలు తెచ్చారు. దిగగానే ఫోటో తీసి వెళ్లిపోకండి, ముందు కోటకు వెళ్లి రండి. అక్కడ కూలిన స్వయంభూ ఆలయం చుట్టూ నాలుగు దిక్కులా నాలుగు తోరణాలున్నాయి. ఒకదాని కింద నిలబడి తలెత్తండి: స్తంభం నుంచి ఏటవాలుగా లేచిన రాతి బాహువు అడ్డదూలాన్ని మోస్తుంటుంది. దూలం నిండా తామర మొగ్గలు, వేలాడే దండలు, పైన కొసలకు హంసలు. దేవుడి బొమ్మ ఒక్కటీ లేదు, గుడి పోయినా ఇవి మిగలడానికి అదే కారణమంటారు. తిరిగొచ్చి స్టేషన్‌ను చూస్తే తేడా దొరుకుతుంది: కోటలో రాయే బరువు మోస్తుంది, ఇక్కడ కాంక్రీటు మోస్తుంటే కాకతీయ రూపం అలంకారంగా నిలిచింది. అయినా ఉత్త డబ్బా కట్టడం కన్నా ఇది నూరుపాళ్లు మేలు.

కోట పట్టాలకు అవతల, శివనగర్ వైపు ఉంది, మూడు కిలోమీటర్ల లోపే. దారిలో అండర్ బ్రిడ్జి తగులుతుంది. గట్టి వాన పడితే పల్లం కాబట్టి నీళ్లు అక్కడే నిలుస్తాయి, ఆటోలు చుట్టూ తిరగాలి. ఆ రోజు తిరుగు బండికి గంట ముందే కోట నుంచి కదలండి.

క్లోక్ రూంలో తాళం లేని బ్యాగు తీసుకోరు, జిప్పుకు చిన్న తాళం ఉండాలి, ప్రయాణ టికెట్ చూపాలి. రిటైరింగ్ రూంకు పీఎన్ఆర్ కావాలి. రాత్రి దిగి తెల్లారి బండెక్కేవాళ్లకు అది చాలు. రెండు రోజులుండి రామప్ప కూడా చూడాలంటే హనుమకొండలో, నక్కలగుట్ట చుట్టుపక్కల గది తీసుకోండి. స్టేషన్ దగ్గరి లాడ్జీల్లో రోడ్డు వైపు గది మాత్రం వద్దు, హారన్లకు నిద్ర పట్టదు.