బ్యాగ్‌పైప్ కొనబోతున్నవాళ్లు ఇది చదివాక వెళ్లండి

ఇప్పుడే ఇంటికొచ్చాను, ఇంకా చేతులు వణుకుతున్నాయి. వైజాగ్‌లో బ్యాగ్‌పైప్‌లు, అంటే చంకలో సంచి పెట్టుకుని గాలి ఊది వాయించే వాయిద్యాలు, అమ్మే ఆ షాపు ఏదో మీలో చాలామందికి తెలుసు, పేరు రాయను. 28 వేలు పోసి అక్కడ కొన్న నా సెట్టు ఎందుకూ పనికిరాదని ఈరోజు తేలింది.

ఏటా జనవరి 29న రిపబ్లిక్ డే ముగింపు వేడుక బీటింగ్ రిట్రీట్‌లో పైప్ బ్యాండ్లు వస్తుంటే టీవీ ముందు నుంచి కదిలేవాణ్ణి కాదు. 46 ఏళ్లు వచ్చాక, ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడని వెళ్లి కొనేశాను. "ఆఫ్రికన్ బ్లాక్‌వుడ్ సార్, మళ్లీ దొరకదు" అని ఆ నల్లటి గట్టి చెక్క పేరు చెప్పాడు షాపాయన. నమ్మాను.

ఊదడం మొదలుపెట్టిన రెండు నిమిషాలకే కళ్లు తిరిగేవి. భుజం మీదున్న మూడు డ్రోన్లూ (ఆగకుండా ఒకే శ్రుతి పలికే గొట్టాలు) ఒకదాని తర్వాత ఒకటి ఆగిపోయేవి, చాంటర్ (వేళ్లతో పాట వాయించే గొట్టం) కీచుమనేది. పది రోజులు చూసి షాపుకి తీసుకెళ్లాను. పక్కన మా అమ్మాయి కూడా ఉంది. ఆయన కనీసం సంచి విప్పి చూడలేదు. కౌంటర్ మీద నుంచి నా వైపు తోసేసి, "వాయిద్యం బాగానే ఉంది సార్. ఈ వయసులో మీకే దమ్ము చాలట్లేదు. పాపకి కీబోర్డ్ కొనిపెట్టండి, అదన్నా పనికొస్తుంది" అన్నాడు. షాపులో ఉన్నవాళ్లు నవ్వారు. మా అమ్మాయి నా చెయ్యి పట్టుకుని "పద నాన్నా" అంది.

నేను ఒక్క మాట అనలేదు. ఆయన చెప్పిందే నిజమనుకున్నాను. రెండు నెలలు పొద్దున్నే బీచ్ రోడ్డులో నడిచాను, ప్రాణాయామం చేశాను, ఒక్క సరళమైన ట్యూన్ కూడా రాక రాత్రుళ్లు నిద్రపట్టలేదు. నా ఊపిరితిత్తులనే తిట్టుకున్నాను. ఆ రెండు నెలలు తలుచుకుంటే డబ్బు పోయినదానికంటే ఎక్కువ బాధగా ఉంది.

ఈరోజు ఆర్మీ పైప్ బ్యాండ్‌లో చేసి రిటైరైన ఒక మాస్టారి దగ్గరికి వెళ్లాను. ఆయన చాంటర్, డ్రోన్లు పీకేసి నాలుగు కంతలకీ కార్కులు బిగించి, సంచిని గట్టిగా ఊది చంకలో పెట్టుకున్నారు. మంచి సంచి అయితే బిగుసుకుని అలాగే ఉండాలట. నాది ఆయన చూస్తుండగానే మెత్తబడిపోయింది. కుట్టు మీద సబ్బు నీళ్లు రాస్తే పొడవునా బుడగలు. తర్వాత ఒక డ్రోన్‌లోకి సన్నటి పుల్ల పోనిస్తే సగం దగ్గర ఆగిపోయింది, రంధ్రం తిన్నగా లేదు. తడి రుమాలుతో చాంటర్ తుడిచారు. రుమాలుకి నల్లరంగు అంటుకుంది, లోపల గోధుమరంగు చెక్క కనిపించింది. రెండు నెలలుగా ఆ చెక్కనే పట్టుకుని ఊదుతున్నాను.

"ఈ సెట్టు నేను ఊదినా పలకదు. మీ దమ్ముకి ఏమీ కాలేదు బాబూ" అన్నారు మాస్టారు. నాకు కళ్లనీళ్లు వచ్చేశాయి.

మా ముందుతరంవాళ్లు వీధి భాగవతాలకి మేకతోలు తిత్తి ఊది శ్రుతి పట్టేవారు. సంచిలో గాలి నిలవకపోతే పాట నిలవదని వాళ్లకి తెలుసు. అమ్మేవాడికి తెలియకుండా ఉంటుందా?

నేను చేసిన తప్పు ఒకటుంది, మీరు చేయొద్దు. మొదట్లోనే సెట్టు కొనకండి. ప్రాక్టీస్ చాంటర్ అని చిన్న ప్లాస్టిక్ గొట్టం ఉంటుంది, సంచి ఉండదు. వేళ్లు దాని మీదే కుదరాలి, దానికే ఆరు నెలల నుంచి ఏడాది పడుతుంది. తొమ్మిదే స్వరాలు, కానీ గాలి ఆగదు కాబట్టి స్వరానికీ స్వరానికీ మధ్య గ్రేస్ నోట్లు, అంటే క్షణంలో పలికి పోయే చిన్న స్వరాలు, పెట్టి విడదీయాలి. అసలైన బ్లాక్‌వుడ్ సెట్టు లక్ష దాటుతుంది, 28 వేలకి రాదు. కొనేటప్పుడు షాపులోనే కార్కులు బిగించి ఊదించండి, బిల్లు తీసుకోండి.

నా దగ్గర బిల్లు ఉంది. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు రాయించాను. రేపు ఆ రుమాలు, సెట్టు పట్టుకుని మళ్లీ షాపుకి వెళ్తున్నాను, మా అమ్మాయి కూడా వస్తానంది.