మినెర్వ్: రెండు ఏర్ల మధ్య ఊరు, దాహంతో లొంగిపోయిన కోట

దక్షిణ ఫ్రాన్స్‌లోని తులూజ్‌లో ఉన్న మనవాళ్ళని ఎవరినైనా, ఇండియా నుంచి అమ్మానాన్నలు వస్తున్నారు, దగ్గర్లో ఏం చూపించాలి అని అడిగితే అందరూ చెప్పేది కార్కసోన్ కోట. చూడాల్సిందే, కాదనను. కానీ అక్కడికి ఓ 45 కిలోమీటర్ల దూరంలో మినెర్వ్ అని చిన్న ఊరుంది, నూరు పైచిలుకు జనం, చుట్టూ లోయ. రెండిట్లో ఒకదానికే టైం ఉంటే నేనైతే మినెర్వ్‌కే వెళ్ళమంటాను. ఎందుకో కాస్త వివరంగా రాస్తాను, ఆ ఊరి కథ తెలీకుండా వెళ్తే అరగంటలో ఊరంతా నడిచేసి ఐస్‌క్రీం తిని వచ్చేస్తారు, చాలామంది అదే చేస్తున్నారు, అది చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

ముందు ఊరు ఎక్కడ కూర్చుందో చూడాలి. ఎరో డిపార్ట్‌మెంట్‌లో (మన జిల్లా లాంటిది), మోంతాన్య్ న్వార్ కొండలకి దిగువన, అంతా సున్నపురాయి నేల. సెస్, బ్రియాన్ అని రెండు ఏర్లు ఆ రాయిని కోసుకుంటూ వచ్చి సరిగ్గా ఊరి కిందే కలుస్తాయి. దాంతో ఊరికి మూడు వైపులా నిటారుగా లోయలే, నాలుగో వైపు సన్నటి నేల మాత్రం వదిలేశాయి. ఆ సన్నటి చోట కోట కడితే ఇంక ఊళ్ళోకి ఎవడూ రాలేడు. ఆ కోటలో ఇప్పుడు మిగిలింది కందేలా అనే ఎనిమిది పలకల బురుజు ముక్క ఒక్కటే, ఆకాశంలోకి సన్నగా నిలబడి ఉంటుంది, పక్కకి వెళ్ళి చూస్తే ఇది ఇంకా ఎలా పడిపోకుండా ఉందిరా అనిపిస్తుంది.

ఇప్పుడు మనం ఊళ్ళోకి వెళ్ళేది 20వ శతాబ్దం మొదట్లో కట్టిన ఎత్తైన వంతెన మీదుగా. టూరిస్టుల కార్లు లోపలికి రానివ్వరు, పైన పార్కింగ్‌లో డబ్బు కట్టి పెట్టుకుని నడిచి రావాలి. మా నాన్నగారికి మోకాళ్ళ నొప్పులు, దిగేటప్పుడు బాగానే దిగారు, తిరిగి ఎక్కేటప్పుడు రెండు మూడు చోట్ల కూర్చోవాల్సి వచ్చింది. వీధులన్నీ గుండ్రాళ్ళు పరిచినవి, పెద్దవాళ్ళకి మంచి షూస్ వేయించండి, చెప్పులతో కష్టం.

నన్ను అన్నిటికన్నా ఎక్కువ కట్టిపడేసింది లోయలో ఉన్న సహజ వంతెనలు. బొర్రా గుహలు చూసినవాళ్ళకి ఇది తేలిగ్గా అర్థమవుతుంది, సున్నపురాయిలో నీళ్ళు ఒకసారి సందు దొరకబుచ్చుకుంటే దాన్ని కరిగించుకుంటూ పోతూనే ఉంటాయి. సెస్ ఒకప్పుడు ఇక్కడ పెద్ద మెలికలు తిరిగి పోయేది. ఆ మెలికల దగ్గర రాతిని తొలుచుకుని అడ్డదారి చేసుకుంది. అలా రెండు సొరంగాలు ఏర్పడ్డాయి, పెద్దది 230 మీటర్ల దాకా ఉంటుంది, చిన్నది నూరు మీటర్ల పైచిలుకు. ఎండాకాలంలో సెస్ ఇక్కడ పూర్తిగా ఎండిపోతుంది, నీళ్ళు రాతి సందుల్లోంచి భూమి కిందకి దిగిపోయి అక్కడే ప్రవహిస్తాయి, పైన తెల్లటి రాళ్ళు మాత్రమే మిగులుతాయి. అప్పుడు ఏటి అడుగునే నడుచుకుంటూ సొరంగంలోకి వెళ్ళిపోవచ్చు. బయట మాడిపోయే ఎండ, లోపల చల్లగా ఉంటుంది, మధ్యలో వంపు దగ్గర బాగా చీకటి, ఫోన్ టార్చ్ వేసుకుని గోడకి దగ్గరగా వెళ్ళి చూడండి, రాతి నిండా బియ్యపు గింజంత శిలాజాలు కనిపిస్తాయి. ఒకప్పుడు ఇదంతా సముద్రం అడుగు అన్నమాట. మా అమ్మ ఆ గోడ మీద చెయ్యి పెట్టి చాలాసేపు కదల్లేదు. వర్షాకాలంలో మాత్రం, అంటే ఇక్కడ సెప్టెంబర్ తర్వాత, అస్సలు దిగొద్దు, కొండల మీద ఎక్కడో వాన పడితే ఇక్కడ ఏరు ఒక్కసారిగా పొంగుతుంది.

ఇక చరిత్ర. 12వ శతాబ్దంలో ఈ ప్రాంతమంతా కాథర్లు అనే క్రైస్తవులు బాగా ఉండేవాళ్ళు. ఈ భౌతిక ప్రపంచం చెడు శక్తి చేసిందని వాళ్ళ నమ్మకం, వాళ్ళలో దీక్ష తీసుకున్నవాళ్ళు మాంసం, గుడ్లు, పాలు ముట్టేవాళ్ళు కాదు. ఇది చర్చి బోధకి విరుద్ధమని పోప్ మూడో ఇన్నోసెంట్ వీళ్ళ మీద యుద్ధం ప్రకటించాడు, 1209 జులై 22న బెజియే ఊళ్ళో జనాన్ని దొరికినవాళ్ళని దొరికినట్టు నరికేశారు. అక్కడినుంచి తప్పించుకున్నవాళ్ళు, చుట్టుపక్కల వాళ్ళు కొంతమంది మినెర్వ్ చేరారు, లోయ ఉంది కదా, కాపాడుతుందని.

1210 జూన్‌లో పోప్ తరఫు సేనాని సిమోన్ ద మోంఫోర్ సైన్యంతో వచ్చాడు. లోయ దాటి ఎక్కడం కుదరదని తెలుసు, అందుకే ఎదుటి గట్ల మీద రాళ్ళు విసిరే యంత్రాలు నాలుగు పెట్టించాడు. అందులో పెద్దదాని పేరు మాల్‌వ్వాజిన్, దాని నమూనా ఒకటి ఇప్పటికీ ఎదుటి గట్టు మీద ఉంది, ఊళ్ళోంచి కనిపిస్తుంది. ఊరికి నీళ్ళు కొండ అడుగున ఉన్న సెయింట్ రుస్తిక్ బావి నుంచి, దానికి దిగే కప్పున్న దారి ఒకటుండేది. మాల్‌వ్వాజిన్ ఆ దారినే కొట్టి కూల్చేసింది. ఒక రాత్రి ఊరివాళ్ళు కొందరు దొంగచాటుగా బయటికి వచ్చి కొవ్వు, నార నింపిన బుట్టలు తగిలించి ఆ యంత్రానికి నిప్పు పెట్టారు, సరిగ్గా అప్పుడే అవతలి సైనికుడొకడు కాలకృత్యానికని లేచి చూసి కేక పెట్టాడు, బల్లెం పోటు తిన్నా అరుపు మాత్రం ఆపలేదు, మంటలు ఆర్పేశారు. ఆ ఒక్కడు పడుకునే ఉండి ఉంటే ఏమయ్యేదో అని నేను ఆ గట్టు మీద నిలబడి చాలాసేపు ఆలోచించాను. జులై, ఏరు ఎండిపోయింది, బావికి దారి లేదు. ఊరి ప్రభువు గిలెమ్ లొంగిపోయాడు.

కాథలిక్ మతంలోకి మారినవాళ్ళని వదిలేస్తామన్నారు. అలా అయితే అందరూ తప్పించుకుంటారే అని సైన్యంలో ఒకాయన గొడవ పెడితే, కంగారు పడకు, మారేవాళ్ళు చాలా తక్కువమందే ఉంటారు అని పోప్ ప్రతినిధి ఆర్నో అమోరీ అన్నాడట. అన్నట్టే అయింది. 140 మంది దాకా మంటల్లోకి వెళ్ళారు, నెట్టక్కర్లేకుండా వాళ్ళంతట వాళ్ళే దూకారని ఆ సైన్యం వైపు నుంచి రాసిన చరిత్రకారుడే చెప్పాడు. ముగ్గురు ఆడవాళ్ళని మాత్రం ఆ సైన్యంలోని ఒక యోధుడి తల్లి బయటికి లాగింది. బెజియే మారణకాండకి సరిగ్గా ఏడాది, అదే జులై 22.

ఈ కథంతా హ్యూరెపెల్ మ్యూజియంలో మట్టి బొమ్మలతో చూపించారు. చిన్న మ్యూజియం, టికెట్ కూడా పెద్ద రేటేం కాదు, పిల్లలకి బాగా అర్థమవుతుంది. సెయింట్ ఎతియెన్ చర్చి ముందు ఒక రాయి నిలబెట్టారు, రాతిలో పావురం ఆకారం తొలిచి ఉంటుంది, అందులోంచి అవతలి వెలుతురు కనిపిస్తుంది, స్థానిక శిల్పి ఒకాయన చేసింది. చర్చిలో 456లో నార్బోన్ బిషప్ రుస్తిక్ పెట్టించిన పాలరాతి బలిపీఠం ఉంది, ఈ వైపు మిగిలిన చాలా పాతవాటిలో అదొకటి, మేం వెళ్ళినప్పుడు తలుపు మూసి ఉంది, వెళ్ళే ముందే టూరిజం ఆఫీసుకి ఫోన్ చేసి ఎప్పుడు తెరుస్తారో కనుక్కోండి.

ఉండటానికి ఏది మంచిది అంటే, మేం మూడూ చూశాం. కార్కసోన్ కోట లోపల హోటళ్ళు బాగా ఖరీదు, రాత్రి లైట్లలో గోడలు అద్భుతంగా ఉంటాయి, అయినా పగలంతా జనం, షాపులు, పైగా మీరు చూసే ఆ రూపంలో చాలా భాగం 19వ శతాబ్దంలో వ్యోలే-ల్యుదుక్ అనే ఆర్కిటెక్ట్ చేయించిన రిపేర్. నార్బోన్‌లో స్టేషన్ దగ్గర చైన్ హోటల్ చవక, శుభ్రంగా ఉంది, కానీ అక్కడుంటే మినెర్వ్‌కి రోజూ కారులో రావాలి. మినెర్వ్‌లోనే ఒక పాత రాతి ఇంట్లో పై అంతస్తు అద్దెకి తీసుకున్నది మాత్రం నాకు బాగా నచ్చింది. మెట్లు ఇరుకు, ఏసీ లేదు, గోడలు ఎంత మందమంటే అవసరం కూడా రాలేదు. చిన్న వంటగది ఉంది, శాకాహారులకి అదే పెద్ద వరం, పప్పు, అన్నం వండుకున్నాం. సాయంత్రం ఆరు తర్వాత టూరిస్టులు వెళ్ళిపోతారు, అప్పుడు ఊరు మీదే. ఇంటి ఓనర్ ఆవిడ పెద్దావిడ, ఇంగ్లీష్ రాదు, మా నాన్నగారికి ఫ్రెంచ్ రాదు, ఇద్దరూ తోట దగ్గర నిలబడి టమాటాల గురించి గంట మాట్లాడుకున్నారు.

తిండి సంగతి ముందే చూసుకోవాలి. ఇక్కడ రెస్టారెంట్లు మధ్యాహ్నం 12 నుంచి 2 దాకా, మళ్ళీ రాత్రి 7 తర్వాతే, మధ్యలో ఆకలేస్తే ఏమీ దొరకదు. శాకాహారం అంటే మేకపాల చీజ్ సలాడ్, ఆమ్లెట్, అంతే అనుకోండి. బీన్స్ వంటకం కదా అని కాసూలే ఆర్డర్ చేసేయకండి, అందులో బాతు, పంది మాంసం ఉంటాయి. పది కిలోమీటర్లు దిగితే ఒలొన్జాక్ వస్తుంది, అక్కడ సూపర్‌మార్కెట్ ఉంది, మంగళవారం పొద్దున సంత, కూరగాయలు, పీచ్‌లు, చెర్రీలు అక్కడే కొనుక్కోండి.

దారంతా ద్రాక్ష తోటలే, ఈ ప్రాంతపు మినెర్వ్వా వైన్‌కి 1985లో ఏఓసీ (ఫలానా ప్రాంతపు సరుకని ఇచ్చే ముద్ర) గుర్తింపు వచ్చింది. ఈ తోటల వెనక కూడా పెద్ద పోరాటం ఉంది, 1907లో కల్తీ వైన్ వల్ల, ధర పడిపోయి రైతులు దివాలా తీస్తే పక్కనే ఉన్న అర్జెలియే ఊళ్ళో మార్సెలిన్ అల్బేర్ అనే ఆయన ఉద్యమం మొదలుపెట్టాడు, మోంపెలియేలో లక్షల మంది చేరారు, చివరికి సైన్యం కాల్పులు కూడా జరిగాయి. గిట్టుబాటు ధర కోసం రైతులు రోడ్డెక్కడం ఎలా ఉంటుందో మనకి తెలుసు కాబట్టి ఆ తోటల పక్కనుంచి వెళ్తుంటే ఊరికే సీనరీ చూసినట్టు ఉండదు.

టైం ఉంటే ల సొమాయ్‌కి వెళ్ళండి, 17వ శతాబ్దపు కనాల్ ద్యు మిది ఒడ్డున పాత వంతెన, వేల పాత పుస్తకాలున్న షాపు. కాలువ పక్క ప్లేన్ చెట్లకి 2006 నుంచి ఒక ఫంగస్ తెగులు పట్టి వేలకొద్దీ కొట్టేశారు, కొన్ని చోట్ల నీడ లేకుండా బోసిగా ఉంది, మనసు చివుక్కుమంటుంది. లాగ్రాస్ అనే ఊరు కూడా బాగుంటుంది, ఎబీ (పాత క్రైస్తవ మఠం) చూడొచ్చు, తినడానికి చోట్లు ఎక్కువ, కానీ మినెర్వ్‌లా నేలే కథ చెప్పే చోటు కాదు.

రవాణా మాత్రం నిజాయితీగా చెప్పాలంటే కారు లేకపోతే కష్టం. తులూజ్ నుంచి నార్బోన్‌కి ట్రైన్ హాయిగా ఉంటుంది, గంటన్నర లోపే. అక్కడ కారు అద్దెకి తీసుకుంటే శనివారం ఏజెన్సీలు మధ్యాహ్నానికే మూసేస్తాయని గుర్తుంచుకోండి. మేం బుక్ చేసిన చోట డెబిట్ కార్డ్ డిపాజిట్‌కి ఒప్పుకోలేదు, ఆన్‌లైన్‌లో ఆ మాట ఎక్కడో చివర చిన్న అక్షరాల్లో ఉంది, అమ్మానాన్నల్ని పక్కన పెట్టుకుని కౌంటర్ దగ్గర గంట వాదించాల్సి వచ్చింది, కాబట్టి డ్రైవర్ పేరు మీద క్రెడిట్ కార్డ్ తీసుకెళ్ళండి. తులూజ్ నుంచే సొంత కారులో వచ్చేవాళ్ళు ఏ61 హైవే మీద లెజిన్యాన్ దగ్గర దిగి ఒలొన్జాక్ మీదుగా రండి, చివరి కొన్ని కిలోమీటర్లు రోడ్డు ఇరుకు, ఎదురుగా ద్రాక్ష ట్రాక్టర్ వస్తే ఆగి దారివ్వాలి. వెళ్ళడానికి నా ఓటు జూన్‌కి, ఏరు చాలావరకు ఎండి సొరంగాల్లోకి దిగొచ్చు, జులై, ఆగస్ట్ రద్దీ ఇంకా మొదలవదు, పార్కింగ్ కూడా దొరుకుతుంది.