ఆన్‌లైన్ తరగతి: ముందు మైకు, తర్వాతే కెమెరా

2020 నుంచీ వీడియో కాన్ఫరెన్స్‌లో లెక్కలు చెబుతున్నాను. బడులు తెరిచాక కూడా సందేహాల క్లాసులకు, తల్లిదండ్రుల సమావేశాలకు వాడుతూనే ఉన్నాను. జూమ్, గూగుల్ మీట్, బిగ్‌బ్లూబటన్ మూడూ చూశాను. ఏది మంచిదని అడిగితే, ముందు మంచి మైకు కొనుక్కోమంటాను. బొమ్మ ఆగినా పిల్లలు సర్దుకుంటారు, మాట తెగిందా పాఠం పోయినట్టే. మాటకు సెకనుకు వంద కిలోబిట్లు కూడా అక్కర్లేదు. స్పష్టమైన వీడియోకు దానికి పది రెట్లు పైమాటే. నెట్ తడబడితే కెమెరా ఆపేయమనేది అందుకే.

క్లాసులో "అందరూ కలిసి చెప్పండి" అంటే చెప్పేస్తారు. ఇక్కడ అది కుదరదు. ఒక్కో గొంతు ఒక్కో ఆలస్యంతో వస్తుంది, కలిస్తే గోలే. దానికి నాకు దొరికిన మందు చాట్. జవాబు టైప్ చేసి ఉంచండి, నేను చెప్పేదాకా పంపొద్దు అంటాను. "ఊఁ" అనగానే జవాబులన్నీ ఒక్కసారి వచ్చి పడతాయి. ఒకరిది చూసి ఒకరు రాయడం ఉండదు. మైనస్ గుర్తు ఎవరు మరిచారో అక్కడే తెలిసిపోతుంది. క్లాసులో నోరు విప్పని పిల్లలు కూడా ఇందులో ముందుంటారు. ఈ ఒక్క విషయంలో మామూలు తరగతి దీని ముందు దిగదుడుపే.

సంగీతం టీచర్లకు ఒక మాట: శబ్దాన్ని శుభ్రం చేసే ఫిల్టర్ వయొలిన్ మీద సాగే స్వరాన్ని కూడా రొద అనుకుని కోసేయవచ్చు. జూమ్‌లో 'ఒరిజినల్ సౌండ్' ఆన్ చేసుకోండి.

తరగతిని చిన్న చిన్న గుంపులుగా విడదీసే బ్రేకౌట్ గదులు నాకు నచ్చలేదు. తరగతిలో ఒక గుంపుతో మాట్లాడుతూనే మిగతావాళ్ల మీద ఓ చెవి వేసి ఉంచుతాం. ఇక్కడ ఒక గదిలోకి వెళ్తే మిగతావి మనకు లేనట్టే. అంతకన్నా పెద్ద లోటు, నోటుబుక్కు కనబడకపోవడం. కెమెరాలో ముఖం కనిపిస్తుంది గానీ పెన్ను ఏ మెట్టు దగ్గర ఆగిందో కనిపించదు. ఫోను పుస్తకం వైపు తిప్పమనడం ఐదారుగురితో సాధ్యం, ముప్పైమందితో కాదు. కొత్త పాఠం ఇందులో మొదలుపెట్టను.

ఉచిత ప్లాన్‌లో జూమ్ 40 నిమిషాలు, ముగ్గురు లేదా అంతకు మించి ఉంటే మీట్ 60 నిమిషాలు ఇస్తాయి. నలభై చాలు, ఆ తర్వాత ఎలాగూ ఎవరూ వినరు! అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకుడు జెరెమీ బెయిలెన్సన్ 2021లో వీడియో కాల్స్ తెచ్చే అలసటకు చెప్పిన కారణాల్లో అస్తమానం మన ముఖం మనమే చూసుకోవడం ఒకటి. నా బొమ్మ నాకు కనబడకుండా దాచేశాక నిజంగానే తేలికపడ్డాను. వచ్చినవాళ్లను మనం రానిచ్చేదాకా బయటే ఆపే వెయిటింగ్ రూమ్ మాత్రం ఎప్పుడూ తీసేయకండి.

తల్లిదండ్రుల సమావేశాలకు మాత్రం దీనికి సాటి లేదు. అమ్మ ఒకచోట, నాన్న ఇంకోచోట పనిలో ఉన్నా ఇద్దరూ వస్తారు. మార్కుల పట్టిక స్క్రీన్ మీద పెట్టేటప్పుడు ఆ ఒక్క విండోనే షేర్ చేయండి. మొత్తం డెస్క్‌టాప్ షేర్ చేస్తే పక్క పిల్లాడి మార్కులు కూడా బయటపడతాయి.